బిడ్డ బాక్సులో ఉన్నప్పుడే మొదలుపెట్టాల్సిన పని

(నెలలు నిండని పిల్లల దినమైన నవంబరు 17 సందర్భంగా గుంటూరులో తల్లిదండ్రులు, ఆశా కార్యకర్తల ముందు ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందకి దించు బాబూ. ఆఁ, చాలు.

లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గరే ముగ్గురు నలుగురు పట్టుకుని అడిగారు, నెల తక్కువ బిడ్డ పుడితే గవర్నమెంటు ఎంత ఇస్తుందండీ అని. ముందు దానికి జవాబు చెప్పేసి మిగతాది మాట్లాడుకుందాం. ఇంత బరువు లోపు పుడితే ఇంత డబ్బు అని చేతిలో పెట్టే పథకం అంటూ లేదు. ఉన్నవి వేరే రకం. వైద్యం ఒక చోట, బండి ఒక చోట, తల్లి ఖాతాలో పడే డబ్బు ఇంకో చోట, ఉద్యోగంలో సెలవు మరో చోట, కళ్లూ చెవులూ చూసేది వేరే ఎక్కడో. అన్నిటికీ కలిపి ఒక కౌంటరు ఉండదు. పైగా దేని గడువు దానిదే. బిడ్డ బాక్సులో, అంటే ఇన్‌క్యుబేటర్‌లో, ఉన్నన్నాళ్లూ మనకి దేని మీదా ధ్యాస ఉండదు, గడువులు మాత్రం వాటి దారిన అవి అయిపోతూనే ఉంటాయి. పసిపిల్లల వార్డులో పనిచేసినన్నాళ్లూ నేను చూసింది ఇదే, అర్హత లేక డబ్బు రాని కుటుంబాలకంటే తేదీ దాటిపోయి రానివాళ్లే ఎక్కువ. అందుకని ఇవాళ పథకాల వరసలో కాకుండా బిడ్డ వయసు వరసలో చెప్తాను.

ఇది పుట్టక ముందు నుంచే మొదలవుతుంది. 37 వారాలు నిండకుండా అయితే నెలలు నిండని కాన్పు అంటాం. మన పెద్దవాళ్లు ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అంటారు కదా. (నవ్వులు) మీ అత్తగారు కూడా అన్నారా తల్లీ? అది నిజం కాదమ్మా. కడుపులో ఒక్కో వారం గడిచేకొద్దీ ఊపిరితిత్తులు తయారవుతుంటాయి, ఎనిమిదో నెల బిడ్డకే అవకాశాలు ఎక్కువ. ఎందుకు చెప్తున్నానంటే, ఎనిమిదో నెల్లో నొప్పులొస్తే ఎలాగూ లాభం లేదులే అని ఇంట్లోనే పూట గడిపేసినవాళ్లని చూశాను. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు మొదలైతే తల్లికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్ ఇస్తారు, 6 మిల్లీగ్రాములు, 12 గంటలకి ఒకటి చొప్పున 4 డోసులు. ఖరీదైన మందేమీ కాదు, బిడ్డ ఊపిరికి మాత్రం అదే పెద్ద దన్ను. పెద్దాసుపత్రికి పంపే ముందు మొదటి డోసు ఏఎన్‌ఎం కూడా ఇవ్వొచ్చని 2014 నుంచీ కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. మిమ్మల్ని గుంటూరుకో విజయవాడకో రెఫర్ చేస్తున్నారంటే, ఇంజెక్షన్ ఇచ్చారా, ఏ టైముకి ఇచ్చారో చీటీలో రాశారా అని అడిగి మరీ బయల్దేరండి.

బండి సంగతి. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 108, 104 బళ్లు 1,088 ఒకేసారి వరసగా నిలబెట్టి జెండా ఊపారు, చాలామంది టీవీలో చూసే ఉంటారు. అందులో 26 పసిపిల్లల కోసమే చేయించిన అంబులెన్సులు. అయితే 108కి ఫోన్ చేసి డెలివరీ అయింది, అర్జెంటుగా రండి అంటే దగ్గర్లో ఏ బండి ఉంటే అదే వస్తుంది. బిడ్డ ఎన్నో వారంలో పుట్టింది, బరువెంత, ఆక్సిజన్ పెట్టారా, ఈ మూడూ చెప్పి పసిపిల్లల బండి కావాలని అడగాలి. అది దొరక్కపోతే మామూలు బండిలోనే, బిడ్డని టవల్లో చుట్టి ఒళ్లో పెట్టుకోవడం కాకుండా తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పండి. తల్లి వచ్చే స్థితిలో లేకపోతే నాన్న, అమ్మమ్మ, ఎవరైనా సరే. దారిలో చల్లబడిపోయిన బిడ్డని తిరిగి దారికి తెచ్చేసరికి వార్డులో మా ప్రాణం పోయేది.

ఇప్పుడు అసలు దగ్గరికి వద్దాం, ఎక్కడ చేర్చాలి. జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఎస్‌ఎన్‌సీయూ అని పసిపిల్లల ప్రత్యేక విభాగం ఉంటుంది. 1,800 గ్రాముల లోపు బిడ్డని, 34 వారాల లోపు పుట్టిన బిడ్డని అందులో చేర్చుకోవాలన్నది దేశమంతా ఒకటే రూలు. అక్కడ జననీ శిశు సురక్ష కార్యక్రమం వర్తిస్తుంది. 2011 జూన్ 1న మొదలైంది ఇది. మందులు, రక్తం, పరీక్షలు, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి బండి, ఇంటికి దింపడం, అన్నీ ఉచితం. మొదట్లో పుట్టిన 30 రోజుల వరకే ఉండేది, 2014లో ఏడాది వరకూ పొడిగించారు. ఈ పొడిగింపు సంగతి మాత్రం చాలామందికి తెలియదు. నాలుగో నెల్లో జబ్బుచేసి మళ్లీ చేర్చాల్సి వస్తే, ఇప్పుడు డబ్బులు కట్టాలేమో అని భయపడి ముందు మందుల షాపుకి పోతారు. బయట కొనుక్కురమ్మని చీటీ రాసిస్తే, ఇది ఉచిత పథకంలో రాదా అని సూపరింటెండెంట్ ఆఫీసులో అడగొచ్చు. గొడవ అక్కర్లేదు, అడిగితే చాలు.

ప్రైవేటులో చేర్చినవాళ్ల కథ వేరు. అక్కడ మనకి దిక్కు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ వచ్చింది, పని మాత్రం అదే. పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్ అందులో ఉంది, ప్యాకేజీ ఎంతన్నది బిడ్డ బరువుని బట్టి, వెంటిలేటర్ మీద ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ ఆ ఆసుపత్రి పథకం నెట్‌వర్క్‌లో ఉండాలి, పిల్లల విభాగానికి కూడా ఉండాలి. గుండెకి, ఎముకలకి ఉండి పసిపిల్లలకి లేని ఆసుపత్రులు ఉంటాయి. బోర్డు చూసి లోపలికెళ్లిపోకండి, మిత్ర డెస్క్, అంటే వైద్య సేవ కౌంటరు, ఎక్కడుందో అడిగి, 'నెల తక్కువ బిడ్డ కేసు ఇక్కడ తీసుకుంటారా' అని ఆ మాటే అడగండి. అర్ధరాత్రి అయితే 104కి ఫోన్ చేయండి. ఎమర్జెన్సీలో ముందు ఫోన్ మీద అనుమతి తీసుకుని కాగితాలు తర్వాత పెట్టే పద్ధతి ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, వైద్య సేవలో నమోదుకి రైస్ కార్డు, అదే రేషన్ కార్డు, చూస్తారు. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో. అమ్మాయి పేరు ఇంకా పుట్టింటి రైస్ కార్డులోనే ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు కూడా పుట్టింటిదే. మామూలు కాన్పుకైతే ఇదేమీ అడ్డం రాదు. బిడ్డ బాక్సులో పడ్డ రోజున మాత్రం ఈ కార్డా ఆ కార్డా అని అర్ధరాత్రి రెండు కుటుంబాలూ ఫోన్లలో వాదించుకుంటుంటాయి. బిడ్డ పేరు కార్డులో లేదు కదా అని మాత్రం కంగారు పడొద్దు, తల్లి ఏ కార్డులో ఉంటే ఆ కార్డు మీదే నమోదు చేస్తారు. ఆశా అక్కలూ, మీకు చెప్తున్నా, ఐదో నెల్లో మీరు గర్భిణి ఇంటికి వెళ్లినప్పుడే కార్డు తీయించి చూడండి. మార్చాల్సింది ఉంటే సచివాలయంలో అప్పుడే మార్పించండి.

డబ్బు కట్టేశాక కార్డు చూపిస్తే ఏమవుతుందని అడుగుతున్నారు, వెనక బాబు. కష్టం బాబూ. నాకు తెలిసిన ఒక కుటుంబం, ఆయన మిర్చి యార్డులో హమాలీ, ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడే అడ్వాన్స్ కట్టమంటే భార్య చెవికమ్మలు కుదువ పెట్టి కట్టేశాడు. జేబులో కార్డు ఉంది. అడగలేదు ఆయన, చెప్పలేదు వాళ్లు. పథకం కింద అనుమతి వచ్చిన కేసులో ప్యాకేజీకి పైన మన దగ్గర తీసుకోకూడదు, తీసుకుంటే 104కి ఫిర్యాదు చేయొచ్చు. కానీ అసలు పథకం కింద నమోదే కాకపోతే ఫిర్యాదుకి కాగితం ఎక్కడిది? అలాంటప్పుడు మిగిలేది ముఖ్యమంత్రి సహాయ నిధి. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రైస్ కార్డు తీసుకుని ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోవాలి. కట్టినదంతా వస్తుందని ఆశ పెట్టుకోకండి. ప్రతి బిల్లూ ఆసుపత్రి సంతకం, స్టాంపుతో ఉండాలి, ఇచ్చే ముందు జిరాక్సు తీసుకోండి. ఇంకా వైద్యం జరుగుతుంటే ఎల్‌ఓసీ అడగొచ్చు. అంటే ఇంత వరకూ మేం చెల్లిస్తాం అని ఆసుపత్రికి ముందే ఇచ్చే ఉత్తరం. ఇంకో మాట, ప్రభుత్వ బకాయిల గొడవ వచ్చినప్పుడల్లా నెట్‌వర్క్ ఆసుపత్రులు కొత్త కేసులు తీసుకోమంటూ ఉంటాయి, పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆ రోజుల్లో ఎక్కడికెళ్లాలన్నది కాన్పుకి ముందే ఇంట్లో మాట్లాడుకుని ఉండాలి.

సరే, బిడ్డ లోపల ఉంది. తల్లిని నాలుగైదు రోజుల్లో డిశ్చార్జ్ చేసేస్తారు, బిడ్డ నెలరోజులు ఉండొచ్చు. తెనాలి నుంచో సత్తెనపల్లి నుంచో రోజూ పాలు పిండి తేవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, ఈ తల్లులకి అది నిజంగా కలిసొచ్చింది. పాలు ఉగ్గుగిన్నెతోనే పట్టాలి, సీసా వద్దు. ఆ ఉగ్గుగిన్నె ఇప్పుడు ఇళ్లల్లో కనపడటం మానేసింది గానీ మా వార్డులో రోజూ దానితోనే పని. కింది పెదవి మీద దాని మూతి ఆనించి, బొట్టు బొట్టుగా వంచి, బిడ్డ మింగిందని చూసుకుని మళ్లీ వంచాలి. చెంచాడు పాలకి అరగంట పట్టేది ఒక్కోసారి. అలాగే కంగారూ కేర్. రోజుకి ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు బిడ్డని గుండెల మీద పెట్టుకోవడమే. 1978లో కొలంబియాలో బాక్సులు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో పరిశోధన చేయించింది, ఫలితాలు 2021లో వచ్చాయి. కిలో నుంచి కిలో ఎనిమిది వందల మధ్య బిడ్డల్లో, పుట్టిన వెంటనే ఇలా మొదలుపెడితే మరణాలు పావు వంతు తగ్గాయి. పైసా ఖర్చు లేదు. మా ఆయనకి ఇలాంటివి సిగ్గండీ అంటారు కొందరు. (నవ్వులు) ఆ సిగ్గు నెలరోజులు పక్కన పెట్టమనండి.

ఈ లోపు ఇంట్లోవాళ్లు చేయాల్సింది జనన నమోదు. 21 రోజుల్లోపు. ఇక్కడ మనవాళ్లు ఎందుకు ఆగుతారంటే, బారసాల కాలేదు, పేరు పెట్టలేదు, బిడ్డ ఇంటికొచ్చాక చూద్దాంలే అని. ఇంకొందరు, పైకి అనరు గానీ, దక్కుతుందో లేదో అని ఆగుతారు. పేరు లేకుండానే నమోదు చేయించొచ్చు, ఏడాది లోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. తల్లి పేరు మాత్రం ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఈ సర్టిఫికెట్ లేకపోతే తర్వాత చెప్పబోయే డబ్బు కదలదు.

30వ రోజు. ఇది మాత్రం రాసుకోండి. నెలలు నిండని బిడ్డ కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా పెరిగి ఉండవు. బయటికొచ్చాక అవి అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాని లాగేస్తే చూపు పోతుంది. దీన్ని ఆర్‌ఓపీ అంటారు. పైకి చూస్తే కన్ను చక్కగానే ఉంటుంది, బిడ్డ కళ్లు తిప్పుతూనే ఉంటుంది, అందుకే మోసపోతాం. 2 కిలోల లోపు పుట్టిన ప్రతి బిడ్డకీ, 34 వారాల లోపు పుట్టిన ప్రతి బిడ్డకీ పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా డాక్టర్ చూడాలి. 28 వారాల లోపు, 1,200 గ్రాముల లోపు అయితే ఇంకా ముందు, రెండు మూడు వారాలకే. తేడా కనిపించి లేజర్ చేయాలన్నారంటే రెండు మూడు రోజుల్లో చేయించాలి, శ్రావణమాసం వెళ్లాక అంటే కుదరదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013లో వచ్చింది, అందులో ఉచితంగా చూడాల్సిన 30 సమస్యల్లో ఇదీ ఒకటి, పుట్టు చెవుడు ఇంకొకటి. బిడ్డ ఇంకా వార్డులోనే ఉంటే కంటి డాక్టర్ అక్కడికే వచ్చి చూస్తారా అని అడగండి. ఇంటికి పంపేసి ఉంటే డీఈఐసీ అని జిల్లా సత్వర చికిత్స కేంద్రం ద్వారా పంపుతారు. విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, అక్కడికైనా సరే. ఒక్కసారి చూపించి బాగుందన్నారని వదిలేయొద్దు, రక్తనాళాలు పూర్తిగా పెరిగాయని డాక్టర్ చెప్పేదాకా వాళ్లిచ్చిన తేదీలకి వెళ్లాల్సిందే. చెవి పరీక్ష కూడా అప్పుడే అడిగేయండి. తేడా ఉంటే ఆరు నెలల్లోపు యంత్రం పెట్టించాలి, మాటలు రావాలంటే అదే కీలకం. తర్వాత అవసరమైతే కాక్లియర్ ఇంప్లాంట్ కూడా వైద్య సేవలో ఉంది.

డిశ్చార్జ్ రోజు సంతోషంలో సమ్మరీ కాగితం మడిచి డైపర్ల సంచిలో కుక్కేస్తారు. ఆగండి. అక్కడే నిలబడి నాలుగు చూసుకోండి. ఎన్ని వారాలకి పుట్టింది, పుట్టిన బరువు, ఎన్ని రోజులు ఆక్సిజన్ మీద ఉంది, కంటి పరీక్ష తేదీ. నేను చూసిన ఒక సమ్మరీలో బరువు 1,240 అని ఒక చోట, 1,420 అని కింద ఇంకో చోట ఉంది. చేతిరాతలో అంకెలు తారుమారయ్యాయి. రేపు కంటి డాక్టరూ, సహాయ నిధి గుమాస్తా, మీ కంపెనీ హెచ్‌ఆర్ అందరూ చూసేది ఆ కాగితమే. దిద్దించి, స్టాంపు వేయించుకుని, ఫోన్లో ఫోటో తీసి మీ ఆశాకి వాట్సాప్ చేయండి. ఆశా మీ ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజులకి రావాలి. వార్డు నుంచి వచ్చిన బిడ్డ అయితే ఇంటికొచ్చిన రోజు నుంచి మిగిలిన విజిట్లు చేస్తుంది. ఆ తర్వాత కూడా 3, 6, 9, 12, 15 నెలలకి రావాలి. రాకపోతే తిట్టొద్దు పాపం, పిలవండి. (ఆశాల వైపు నుంచి చప్పట్లు)

డబ్బు అన్నారు కదా, ఇప్పుడు వస్తున్నా. జననీ సురక్ష యోజన కింద పేద కుటుంబాలకి ఆసుపత్రి కాన్పుకి పల్లెలో 700, పట్నంలో 600. చిన్న మొత్తమే. పెద్దది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. తొలి బిడ్డకి 5,000, రెండు విడతల్లో 3,000, 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000, దానికి పుట్టిన 270 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. అంగన్‌వాడీలోనో ఆశా ద్వారానో. భర్త ఆధార్ తప్పనిసరి అని ఎవరైనా అంటే ఇప్పుడు కాదని చెప్పండి.

తొలి బిడ్డకి రెండో విడత 2,000 రావాలంటే జనన నమోదు, 14 వారాల టీకా రెండూ పూర్తవ్వాలి. నెల తక్కువ బిడ్డల దగ్గర ఇది ఇక్కడే ఆగిపోతుంది. ఇంకా చిన్నగా ఉంది, నిండాల్సిన తేదీ నుంచి లెక్కపెడదాం అనుకుంటారు. టీకాలకి లెక్క పుట్టిన తేదీ నుంచే. కూర్చోవడం, పాకడం లాంటివి చూసేటప్పుడు నిండాల్సిన తేదీ నుంచి లెక్కేస్తాం, టీకాకి మాత్రం అలా కాదు. బరువు మరీ తక్కువుంటే ఏది ఎప్పుడన్నది డాక్టర్ చెప్తారు, మనంతట మనం వాయిదా వేయకూడదు. టీకా ఆలస్యమైతే బిడ్డకీ నష్టం, డబ్బూ ఆగుతుంది. ఇంకోటి, డబ్బు పడేది ఆధార్‌కి ఏ బ్యాంకు లింకై ఉంటే అందులో. డబ్బు రాలేదండీ అని వచ్చినవాళ్లలో కొందరిది, ఎప్పుడో కాలేజీలో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతాలో పడి ఉండేది.

ఉద్యోగం చేసే ఆడవాళ్లకి చట్టంలో ఒక మాట ఉంది, హెచ్‌ఆర్ వాళ్లే చాలామంది చూడరు. 26 వారాల జీతంతో సెలవు అందరికీ తెలుసు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టడం వల్ల వచ్చిన అనారోగ్యానికి ఇంకో నెల, అదీ జీతంతోనే, అని 1961 ప్రసూతి ప్రయోజన చట్టం 10వ సెక్షన్‌లో ఉండేది. 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఆ నిబంధన ఉంది. డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. కాన్పు ముందే అయిపోయింది కాబట్టి కాన్పుకి ముందు వాడుకోవాల్సిన సెలవు పోయిందని కోత పెట్టకూడదు, 26 వారాలూ తర్వాతే వాడుకోవచ్చు. చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లుల్లో చేసేవాళ్లు జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ అనే కార్మికుల బీమాలో ఉంటారు, వాళ్లకి ఈ డబ్బు ఈఎస్‌ఐ నుంచే వస్తుంది. మిల్లు ఇవ్వలేదని మిల్లు చుట్టూ తిరక్కండి.

ఎవరికీ రాకూడదు గానీ చెప్పాలి. కొందరు పిల్లలకి కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం, ఎదుగుదల ఆలస్యం ఉండొచ్చు. డీఈఐసీలో ఫిజియోథెరపీ ముందే మొదలుపెడితే చాలా మారుతుంది. అయినా వైకల్యం 40 శాతం పైన ఉందని సదరం సర్టిఫికెట్ వస్తే నెలకి 6,000 పింఛను ఉంది, పిల్లలకి కూడా. సెరిబ్రల్ పాల్సీ ఉంటే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో లక్ష వరకూ వైద్యం. దీనికి సిగ్గుపడి దాచేవాళ్లని చూస్తే నాకు కోపమొస్తుంది, అంతకుమించి ఏమీ అనను.

అడగమ్మా. కవలలా? మంచి ప్రశ్న, కవలలు ఎక్కువగా నెల తక్కువే పుడతారు. మాతృ వందనలో రెండో కాన్పులో కవలలు పుట్టి అందులో ఒక్కరైనా ఆడపిల్ల ఉంటే ఆ 6,000కి అర్హత ఉంది. ఇద్దరికీ వేర్వేరు జనన సర్టిఫికెట్లు తీసుకోండి, వైద్య సేవలో ఇద్దరినీ వేర్వేరు కేసులుగా నమోదు చేయించండి. బేబీ వన్, బేబీ టూ అని రాస్తారు, ఏ బిల్లు ఎవరిదో కలిసిపోకుండా రెండు కవర్లు పెట్టుకోండి. కంటి పరీక్ష కూడా ఇద్దరికీ. ఒకరిది బాగుందని రెండోవాళ్లని వదిలేయొద్దు.

సమ్మరీలు తెచ్చుకున్నవాళ్లు ఎవరెవరు? ఇటు రండి, ఒక్కొక్కటీ చూద్దాం.